ఔషధ పేటెంట్లు, ప్రజారోగ్యం

కొత్తగా కనుగొన్న మందును నిర్ణీత కాలం పాటు ఇతరులెవరూ తయారు చేయకుండా, అమ్మకుండా, దిగుమతి చేసుకోకుండా అడ్డుకునేందుకు ప్రభుత్వం ఇచ్చే చట్టబద్ధ హక్కును ఔషధ పేటెంటు అంటారు. ఈ హక్కు ఉన్నంతకాలం మందు ధరను హక్కుదారే నిర్ణయిస్తాడు. ఆ ధర రోగికి అందనంత ఎత్తులో ఉంటే ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చన్న ప్రశ్న మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో, న్యాయస్థానాల్లో, వాణిజ్య ఒప్పందాల చర్చల్లో మూడు దశాబ్దాలుగా వాదం నడుస్తోంది. ఈ వాదంలో భారతదేశం, ముఖ్యంగా హైదరాబాదు ఔషధ పరిశ్రమ, కీలక పాత్ర వహించాయి.

నిర్వచనం, పరిధి

ఔషధ పేటెంట్లు ప్రధానంగా రెండు రకాలు. మందులోని రసాయన పదార్థం మీదే హక్కు ఇస్తే అది ఉత్పత్తి పేటెంటు. ఆ పదార్థాన్ని తయారు చేసే పద్ధతి మీద మాత్రమే హక్కు ఇస్తే అది ప్రక్రియ పేటెంటు. రెండోదాని కింద వేరొకరు మరో పద్ధతిలో అదే మందును తయారు చేసి అమ్ముకోవచ్చు. మొదటిదాని కింద ఆ అవకాశం లేదు. ఈ ఒక్క తేడా మీదే భారత ఔషధ పరిశ్రమ నిలబడింది.

ఒక మందు మీద ఒకే పేటెంటు ఉండటం అరుదు. మూల పదార్థానికి ఒకటి, దాని లవణ రూపానికి ఒకటి, స్ఫటిక రూపానికి మరొకటి, మోతాదుకు, ఇతర మందులతో కలిపిన మిశ్రమానికి ఇంకొన్ని ఉంటాయి. మొదటి పేటెంటు గడువు తీరే సమయానికి తర్వాతివి అందుకుని గుత్తాధిపత్యాన్ని సాగదీయడాన్ని ఎవర్‌గ్రీనింగ్ అంటారు. కంపెనీలు ఈ మాటను అంగీకరించవు. మెరుగైన రూపం కనుక్కోవడం కూడా పరిశోధనేనని అంటాయి.

పేటెంటు కాలపరిమితి దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్లు. క్లినికల్ ప్రయోగాలు, అనుమతులు పూర్తయ్యేసరికి ఇందులో చాలా ఏళ్లు గడిచిపోతాయి. ఆ నష్టాన్ని పూడ్చేందుకు అమెరికా 1984 నాటి హాచ్-వాక్స్‌మన్ చట్టం ద్వారా ఐదేళ్ల వరకు పొడిగింపు ఇస్తోంది. అదే చట్టం, అసలు కంపెనీ కాకుండా అదే మందును తయారు చేసే జెనరిక్ కంపెనీలకూ దారి సులభం చేసింది. పేటెంటుతో సంబంధం లేని మరో రక్షణ కూడా ఉంది. మందు భద్రత, ప్రభావం గురించి మొదటి కంపెనీ సమర్పించిన ప్రయోగ ఫలితాల ఆధారంగా ఇతరులకు అనుమతి ఇవ్వకుండా కొన్నేళ్లు ఆపడాన్ని డేటా ఎక్స్‌క్లూజివిటీ అంటారు. అమెరికాలో కొత్త రసాయన మందులకు ఇది 5 ఏళ్లు, జీవసంబంధ మందులకు 12 ఏళ్లు. భారత చట్టంలో ఇది లేదు.

చరిత్ర

ఇన్సులిన్‌ను కనుగొన్న బృందం 1923లో తమ పేటెంటును ఒక్కొక్కరు ఒక డాలరు తీసుకుని టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చింది. మందును ఎవరూ సొంతం చేసుకోకూడదన్నది వారి ఉద్దేశం. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పలు పారిశ్రామిక దేశాలు కూడా మందులకు ఉత్పత్తి పేటెంట్లు ఇవ్వలేదు. పశ్చిమ జర్మనీ 1968లో, జపాన్ 1976లో, స్విట్జర్లాండ్ 1977లో, ఇటలీ 1978లో, స్పెయిన్ 1992లో ఇవ్వడం మొదలుపెట్టాయి. సొంత పరిశ్రమ నిలదొక్కుకున్నాకే ఈ దేశాలు ఉత్పత్తి పేటెంట్లవైపు వచ్చాయన్న సంగతి తర్వాతి వాదోపవాదాల్లో తరచు మరుగున పడుతుంది.

స్వతంత్ర భారతదేశానికి 1911 నాటి పేటెంట్లు, డిజైన్ల చట్టం వారసత్వంగా వచ్చింది. దాన్ని సమీక్షించే బాధ్యతను జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్‌కు అప్పగించగా, ఆయన 1959లో నివేదిక ఇచ్చారు. దేశంలోని పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయుల చేతుల్లో ఉన్నాయని, వాటిలో 90 శాతానికి పైగా ఇక్కడ ఉత్పత్తికే నోచుకోలేదని ఆ నివేదిక తేల్చింది. అంటే మందు ఇక్కడ తయారయ్యేది కాదు, తయారు చేయగలిగినవారికి అనుమతీ ఉండేది కాదు. ఈ నివేదిక ఆధారంగా వచ్చిన 1970 పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. ఆహారం, ఔషధాలకు ఉత్పత్తి పేటెంటును అది తొలగించింది. ప్రక్రియ పేటెంటు గడువును దరఖాస్తు నుంచి ఏడేళ్లు లేదా పేటెంటు జారీ నుంచి ఐదేళ్లు, ఏది తక్కువైతే అదిగా కుదించింది. ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో దేశీయ కంపెనీలు కొత్త మందులను వేరే పద్ధతుల్లో తయారు చేయడంలో ఆరితేరాయి.

ట్రిప్స్ ఒప్పందం

ఉరుగ్వే రౌండు వాణిజ్య చర్చల ముగింపుగా 1994 ఏప్రిల్ 15న మొరాకోలోని మర్రకేష్‌లో సంతకాలైన ఒప్పందాల్లో మేధో హక్కులకు సంబంధించిన ట్రిప్స్ ఒకటి. ఇది 1995 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అన్ని సాంకేతిక రంగాల్లోనూ పేటెంటు ఇవ్వాలని, కాలపరిమితి కనీసం 20 ఏళ్లు ఉండాలని అది ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలకు విధించింది. అప్పటివరకు మందులకు ఉత్పత్తి పేటెంటు లేని వర్ధమాన దేశాలకు 2005 వరకు గడువు ఇచ్చారు. అత్యల్పాభివృద్ధి దేశాలకు ఔషధాల విషయంలో ఈ మినహాయింపు పలుమార్లు పొడిగింపు పొంది ఇప్పుడు 2033 జనవరి 1 వరకు ఉంది.

ఒప్పందంలోనే కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. పేటెంటుకు అర్హత ప్రమాణాలను ప్రతి దేశమూ తానే నిర్వచించుకోవచ్చు. మరో దేశంలో చవగ్గా అమ్ముతున్న అసలు మందునే దిగుమతి చేసుకోవచ్చు. 31వ అధికరణం ప్రకారం హక్కుదారు అనుమతి లేకుండానే, అతనికి తగిన రాయల్టీ చెల్లించి, వేరొకరు తయారు చేసేలా ప్రభుత్వం లైసెన్సు ఇవ్వవచ్చు. అదే కంపల్సరీ లైసెన్సు. అయితే ఆ ఉత్పత్తి ప్రధానంగా దేశీయ అవసరాలకే ఉండాలని అదే అధికరణంలోని ఒక క్లాజు షరతు పెట్టింది. సొంత కర్మాగారాలు లేని పేద దేశానికి ఈ షరతుతో కంపల్సరీ లైసెన్సు ఎందుకూ కొరగాకుండా పోయింది.

ఎయిడ్స్ సంక్షోభం, దోహా ప్రకటన

మూడు మందుల కలయికతో హెచ్‌ఐవీని అదుపు చేయవచ్చని 1996 నాటికి తేలింది. ఏడాది చికిత్స ఖర్చు 10,000 నుంచి 15,000 డాలర్లు. రోగుల్లో అత్యధికులు ఆఫ్రికాలో ఉన్నారు. చవక మందుల దిగుమతికి వీలు కల్పిస్తూ దక్షిణాఫ్రికా 1997లో చట్టం చేస్తే, దాన్ని సవాలు చేస్తూ ఔషధ కంపెనీలు 1998లో అక్కడి న్యాయస్థానానికెక్కాయి.

2001 ఫిబ్రవరిలో ముంబైకి చెందిన సిప్లా, సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు ఇదే మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించింది. అప్పటికి భారతదేశంలో ఉత్పత్తి పేటెంటు లేదు కాబట్టే అది సాధ్యమైంది. అంతర్జాతీయంగా వెల్లువెత్తిన నిరసనల మధ్య కంపెనీలు 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా కేసును వెనక్కి తీసుకున్నాయి. అదే ఏడాది నవంబరు 14న దోహాలో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశం ట్రిప్స్, ప్రజారోగ్యం మీద ప్రత్యేక ప్రకటన చేసింది. ప్రజారోగ్య రక్షణకు చర్యలు తీసుకోకుండా ట్రిప్స్ అడ్డుపడదని, కంపల్సరీ లైసెన్సు ఏ కారణంతో ఇవ్వాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ సభ్యదేశాలదేనని అది స్పష్టం చేసింది.

తయారీ సామర్థ్యం లేని దేశాలకు ఎగుమతి కోసం 2003 ఆగస్టు 30న ఒక మినహాయింపు కుదిరింది. అది 2017 జనవరిలో ఒప్పందానికి శాశ్వత సవరణగా మారింది. ఈ మార్గంలో మందు చేరిన సందర్భం ఒక్కటే: కెనడాకు చెందిన అపోటెక్స్ కంపెనీ 2008, 2009లలో రువాండాకు పంపిన హెచ్‌ఐవీ మందు. ప్రతి రవాణాకూ విడివిడిగా నోటిఫికేషన్లు, పరిమాణం ముందే ప్రకటించడం, వేరే రంగు, వేరే ప్యాకింగ్ వంటి నిబంధనలతో మళ్లీ ఎవరూ ఆ దారి తొక్కలేదు. కాగితం మీద హక్కు ఉండి ఆచరణలో లేకపోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఈ రంగంలో లేదు.

భారత చట్టంలోని రక్షణలు

ట్రిప్స్ గడువు ప్రకారం 2005 జనవరి 1 నుంచి భారతదేశం మందులకు ఉత్పత్తి పేటెంట్లు ఇస్తోంది. ఆ సవరణ సమయంలోనే పార్లమెంటు 3(డి) అనే క్లాజును బలపరిచింది. ఇదివరకే తెలిసిన పదార్థానికి కొత్త రూపం తెచ్చినంత మాత్రాన పేటెంటు రాదు. చికిత్సా ప్రభావం గణనీయంగా పెరిగిందని నిరూపించాలి. పేటెంటు జారీకి ముందే ఎవరైనా, చివరికి రోగుల సంఘమైనా, అభ్యంతరం దాఖలు చేసే వీలు కూడా చట్టంలో ఉంది.

ఈ రెండింటినీ పరీక్షించిన కేసు గ్లివెక్. రక్త క్యాన్సర్‌లో ఒక రకానికి వాడే ఈ మందులోని ఇమాటినిబ్ మెసైలేట్ బీటా స్ఫటిక రూపానికి స్విస్ కంపెనీ నోవార్టిస్ 1998లో చెన్నై కార్యాలయంలో దరఖాస్తు చేసింది. క్యాన్సర్ రోగుల సహాయ సంఘం, జెనరిక్ కంపెనీలైన నాట్కో, సిప్లా, హెటిరో తదితరులు అభ్యంతరం చెప్పగా 2006 జనవరిలో దరఖాస్తు తిరస్కరణకు గురైంది. మద్రాసు హైకోర్టు, మేధో హక్కుల అప్పీలు బోర్డు మీదుగా కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2013 ఏప్రిల్ 1న జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్‌ల ధర్మాసనం నోవార్టిస్ వాదనను కొట్టేసింది. మందు మరింత బాగా కరగడం, ఎక్కువకాలం నిల్వ ఉండటం వంటి భౌతిక లక్షణాలు చికిత్సా ప్రభావం కిందకు రావని తేల్చింది. అప్పట్లో గ్లివెక్ నెల ఖర్చు సుమారు 1,20,000 రూపాయలు, జెనరిక్ ఖర్చు సుమారు 8,000 నుంచి 10,000 రూపాయలు.

ఇదే క్లాజు 2023లో క్షయ రోగుల పక్షాన కూడా పనిచేసింది. మందులకు లొంగని క్షయకు వాడే బెడాక్విలిన్ లవణ రూపంపై జాన్సన్ అండ్ జాన్సన్ కోరిన అదనపు పేటెంటును ఆ ఏడాది మార్చిలో భారత పేటెంట్ కార్యాలయం తిరస్కరించింది. అభ్యంతరం వేసినవారు ఆ వ్యాధి నుంచి బయటపడిన ఇద్దరు మహిళలు. జూలైలో మూల పేటెంటు గడువు తీరగానే జెనరిక్‌లకు దారి తెరుచుకుంది.

కంపల్సరీ లైసెన్సు: నెక్సవార్ కేసు

పేటెంటు ఇచ్చిన మూడేళ్ల తర్వాత మూడు కారణాల్లో ఏదో ఒకదానిపై కంపల్సరీ లైసెన్సు కోరవచ్చని పేటెంట్ల చట్టం 84వ సెక్షను చెబుతుంది: ప్రజల అవసరం తీరకపోవడం, అందుబాటు ధరకు దొరకకపోవడం, దేశంలో ఆ ఆవిష్కరణను వినియోగంలోకి తేకపోవడం. జాతీయ అత్యవసర స్థితిలో వాడేందుకు 92వ సెక్షను, ప్రభుత్వమే వాడుకునేందుకు 100వ సెక్షను విడిగా ఉన్నాయి.

ముదిరిన మూత్రపిండ, కాలేయ క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్ మీద జర్మన్ కంపెనీ బేయర్‌కు 2008లో భారత పేటెంటు వచ్చింది. నెక్సవార్ పేరుతో అమ్మే ఆ మందు నెలకు 120 మాత్రల ధర 2,80,428 రూపాయలు. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా మొదట 2010 డిసెంబరులో స్వచ్ఛంద లైసెన్సు కోరింది. అది రాకపోవడంతో 2011 జూలైలో కంపల్సరీ లైసెన్సుకు దరఖాస్తు చేసింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్సు మంజూరు చేశారు. అవసరమున్న రోగుల్లో రెండు శాతానికి కాస్త మించి మాత్రమే మందు అందిందని, ధర సామాన్యుడికి అందేది కాదని, దేశంలో తయారీ లేదని ఆయన మూడు కారణాలనూ అంగీకరించారు.

ఆ ఉత్తర్వులోని షరతులు ఇలాంటి లైసెన్సు ఆచరణలో ఎలా ఉంటుందో చూపిస్తాయి. నాట్కో నెల మోతాదును 8,800 రూపాయలకు మించి అమ్మకూడదు. తన సొంత కర్మాగారంలోనే తయారు చేయాలి, పని వేరొకరికి అప్పగించకూడదు. ఏటా కనీసం 600 మంది నిరుపేద రోగులకు ఉచితంగా ఇవ్వాలి. మాత్ర రూపం, రంగు, పేరు బేయర్ మందును పోలి ఉండకూడదు. అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ చెల్లించాలి. 2013 మార్చిలో అప్పీలు బోర్డు లైసెన్సును సమర్థిస్తూ రాయల్టీని 7 శాతానికి పెంచింది. దిగుమతిని ఏ పరిస్థితిలోనూ వినియోగంగా పరిగణించకూడదన్న వాదనను మాత్రం సడలించి, అది కేసును బట్టి తేలాల్సిన విషయమంది. 2014 జూలైలో బొంబాయి హైకోర్టు, డిసెంబరులో సుప్రీంకోర్టు బేయర్ అభ్యర్థనలను తోసిపుచ్చాయి.

ఆ తర్వాత భారతదేశం మరో కంపల్సరీ లైసెన్సు ఇవ్వలేదు. బీడీఆర్ ఫార్మా డసాటినిబ్ కోసం చేసిన దరఖాస్తు 2013లో, హైదరాబాదు కంపెనీ లీ ఫార్మా మధుమేహం మందు సాక్సాగ్లిప్టిన్ కోసం చేసింది 2016లో తిరస్కరణకు గురయ్యాయి. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ఏటా విడుదల చేసే స్పెషల్ 301 నివేదికలో భారతదేశం ప్రాధాన్య నిఘా జాబితాలో కొనసాగుతోంది. ఆ ఒత్తిడిని, ఒకసారి ఇచ్చి ఆగిపోయిన లైసెన్సును విడదీసి చూడటం కష్టం.

ఇతర దేశాల అనుభవం

థాయిలాండ్ 2006-07లో రెండు హెచ్‌ఐవీ మందులకు, ఒక గుండె జబ్బు మందుకు ప్రభుత్వ వినియోగ లైసెన్సు ప్రకటించింది. బ్రెజిల్ 2007లో ఎఫావిరెంజ్‌కు, మలేషియా 2017లో హెపటైటిస్-సి మందు సొఫోస్‌బువిర్‌కు, కొలంబియా 2024లో హెచ్‌ఐవీ మందు డొలుటెగ్రావిర్‌కు ఇదే దారి పట్టాయి. సొంతంగా తయారు చేసుకునే లోపల బ్రెజిల్, థాయిలాండ్‌లు రెండూ ఆ మందుల్ని భారతదేశం నుంచి తెప్పించుకున్నాయి.

స్వచ్ఛంద లైసెన్సులు (చూ: మెడిసిన్స్ పేటెంట్ పూల్)

కంపల్సరీ లైసెన్సు బెదిరింపు ఉన్నచోట కంపెనీలు తామే ముందుకొచ్చి జెనరిక్ తయారీకి అనుమతి ఇవ్వడం పెరిగింది. ఇందుకు మధ్యవర్తిగా 2010లో మెడిసిన్స్ పేటెంట్ పూల్ ఏర్పడింది. సొఫోస్‌బువిర్‌ను గిలియాడ్ కంపెనీ 2013 డిసెంబరులో అమెరికాలో 12 వారాలకు 84,000 డాలర్ల ధరతో విడుదల చేసింది. మరుసటి సెప్టెంబరులో హెటిరో సహా ఏడు భారతీయ కంపెనీలకు 91 దేశాల కోసం లైసెన్సు ఇచ్చింది.

ఈ విధానంలోని మేలు, లోపం రెండూ లెనకపవిర్ విషయంలో కనిపిస్తాయి. ఏడాదికి రెండు ఇంజెక్షన్లతో హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే ఈ మందుకు 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. అక్కడ ఏడాదికి ప్రకటిత ధర 28,218 డాలర్లు. అంతకుముందే, 2024 అక్టోబరులో, గిలియాడ్ ఆరు జెనరిక్ కంపెనీలకు 120 దేశాల కోసం రాయల్టీ లేకుండా లైసెన్సు ఇచ్చింది. వాటిలో హైదరాబాదువి రెండు: డాక్టర్ రెడ్డీస్, హెటిరో. 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకు అందించేలా ఈ రెండు కంపెనీలతో అంతర్జాతీయ సంస్థలు 2025 సెప్టెంబరులో ఒప్పందాలు ప్రకటించాయి. అయితే ప్రయోగాల్లో పాల్గొన్న బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ ఆ 120 దేశాల జాబితాలో లేవు. ఎవరి శరీరాల మీద మందు పరీక్షించారో వారి దేశాలకే చవక మందు దక్కకపోవడం ఈ పద్ధతిలో ఎంపిక ఎవరి చేతిలో ఉందో చెబుతుంది.

కోవిడ్, మినహాయింపు ప్రతిపాదన

2020 అక్టోబరు 2న భారతదేశం, దక్షిణాఫ్రికా కలిసి కోవిడ్ నివారణ, చికిత్సలకు సంబంధించినంత వరకు ట్రిప్స్ బాధ్యతలను తాత్కాలికంగా నిలిపేయాలని ప్రతిపాదించాయి. యూరోపియన్ యూనియన్, బ్రిటన్, స్విట్జర్లాండ్ వ్యతిరేకించాయి. 2021 మే 5న అమెరికా టీకాల వరకు మద్దతు ప్రకటించింది. చివరకు 2022 జూన్ 17న కుదిరిన నిర్ణయం టీకాలకే పరిమితమైంది. కంపల్సరీ లైసెన్సు కింద తయారైన టీకాలను ఎగుమతి చేసుకునే వీలును ఐదేళ్లకు కల్పించింది. మందులు, పరీక్షా పరికరాలకు దాన్ని విస్తరించే విషయంలో ఏకాభిప్రాయం రాలేదు.

పేటెంటు ఒక్కటే అడ్డంకి కాదన్న కంపెనీల వాదనకు ఇక్కడ బలం ఉంది. ఎంఆర్‌ఎన్‌ఏ టీకా తయారీకి పేటెంటు పత్రంలో లేని పరిజ్ఞానం, శిక్షణ, ముడిపదార్థాలు కావాలి. అయితే టీకా పరిజ్ఞానాన్ని ఇష్టపూర్వకంగా పంచుకున్నచోట ఫలితం వేరుగా ఉంది. టెక్సస్ శాస్త్రవేత్తలు పేటెంటు తీసుకోకుండా ఇచ్చిన కార్బెవాక్స్ టీకాను హైదరాబాదులోని బయలాజికల్ ఇ తయారు చేసింది. 2021 డిసెంబరు చివర్లో దానికి అత్యవసర అనుమతి వచ్చింది. 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందం సాంకేతిక బదిలీని పరస్పర అంగీకారానికే వదిలేసింది.

పరిశోధన వ్యయం మీద వాదం

పేటెంట్లను సమర్థించేవారి ప్రధాన వాదన గట్టిదే. ప్రయోగాలకు ఎక్కించిన మందుల్లో అత్యధికం మధ్యలోనే విఫలమవుతాయి. గెలిచిన ఒకటి ఓడిన వాటి ఖర్చునూ మోయాలి. గుత్తాధిపత్యం లేకుంటే ఆ పెట్టుబడి పెట్టేవారు ఉండరు. ప్రతివాదులు రెండు విషయాలు చూపుతారు. మూల పరిశోధనలో పెద్ద భాగం ప్రజాధనంతో విశ్వవిద్యాలయాల్లో జరుగుతుంది. క్షయ వంటి పేదల రోగాల మందులకు గిరాకీ లేనందున పేటెంటు ప్రోత్సాహకంగా పనిచేయదు. అమెరికాలోనూ ధర మీద ప్రభుత్వ బేరం మొదలైంది. 2022 నాటి ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం కింద అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ తొలి విడతగా పది మందుల ధరలను బేరమాడింది. అవి 2026 జనవరి 1 నుంచి అమలుకు నిర్ణయమయ్యాయి.

తెలుగు రాష్ట్రాల ఔషధ పరిశ్రమ

సోవియట్ సహకారంతో 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాదులో కృత్రిమ ఔషధాల కర్మాగారం నెలకొల్పింది. అక్కడ పని నేర్చినవారు తర్వాత సొంత సంస్థలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి వారిలో ఒకరు. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎ.వి. రామారావు బృందం 1990ల తొలినాళ్లలో హెచ్‌ఐవీ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని రూపొందించి సిప్లాకు ఇచ్చింది. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం నుంచి విశాఖ సమీపంలోని పరవాడ దాకా మందుల ముడిపదార్థాలను (బల్క్ డ్రగ్) తయారు చేసే యూనిట్లు విస్తరించాయి.

చవక మందుకు స్థానికులు చెల్లించిన మూల్యం కూడా ఉంది. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు అత్యధిక స్థాయిలో ఉన్నాయని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. కాలుష్యంపై ఆ ప్రాంత గ్రామాల వ్యాజ్యం అంతకు చాలా ముందే సుప్రీంకోర్టుకు వెళ్లింది. చవక మందుల చర్చలో ఈ గ్రామాల ప్రస్తావన రావాల్సినంతగా రాలేదు.

ప్రస్తుత వివాదాలు

వెన్నెముక కండరాల క్షీణత అనే అరుదైన జన్యు వ్యాధికి వాడే రిస్డిప్లామ్ మీద రోష్ కంపెనీ నాట్కోను ఢిల్లీ హైకోర్టుకు లాగింది. పేటెంటు చెల్లుబాటుపైనే గట్టి సందేహం ఉందంటూ కోర్టు 2025 మార్చిలో నాట్కో జెనరిక్‌పై నిషేధానికి నిరాకరించింది. అక్టోబరులో డివిజన్ బెంచి, ఆపై సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. సుమారు 6,20,000 రూపాయలున్న సీసాకు బదులు నాట్కో 15,900 రూపాయలకు జెనరిక్ తెచ్చింది.

విధానపరంగా గాలి మరోవైపు వీస్తోంది. 2024 మార్చిలో సవరించిన పేటెంట్ నియమాలు, దేశంలో పేటెంటును వినియోగిస్తున్నట్లు ఏటా ఇవ్వాల్సిన నివేదికను మూడేళ్లకోసారికి మార్చాయి. జారీకి ముందు వేసే అభ్యంతరాలకు రుసుము పెట్టి, అవి విచారణకు తగినవో కాదో ముందుగా తేల్చే అధికారం కంట్రోలర్‌కు ఇచ్చాయి. కంపల్సరీ లైసెన్సు కోరేవారు వాడుకునే ఆధారం ఆ వార్షిక నివేదికే కాబట్టి రోగుల సంఘాలు ఈ మార్పును వ్యతిరేకించాయి. 2025 జూలై 24న సంతకమైన భారత్-బ్రిటన్ ఒప్పందం మందుల అందుబాటుకు స్వచ్ఛంద లైసెన్సులే మేలైన మార్గమన్న భావాన్ని చేర్చింది. అయితే స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా కూటమితో 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన ఒప్పందంలో డేటా ఎక్స్‌క్లూజివిటీకి భారతదేశం అంగీకరించలేదు.

ముడిపదార్థాల సంగతి వేరే. బల్క్ డ్రగ్ దిగుమతుల్లో సింహభాగం చైనా నుంచే వస్తోంది. పెన్సిలిన్ తయారీని చవక దిగుమతుల పోటీకి తట్టుకోలేక వదులుకున్న దేశం, 2020లో ప్రకటించిన ప్రోత్సాహక పథకం కింద దాన్ని తిరిగి మొదలుపెట్టింది. అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర నెలకొల్పిన పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో ఉత్పత్తి ప్రారంభించింది.